దర్శనము, బంధనము

ముంబయి బైకలాలో శేఠ్ మోతీషా కట్టించిన ఆదీశ్వర జినాలయము కలదు. కార్తీక పూర్ణిమనాడు పాలితానా వెళ్లలేనివారు శత్రుంజయమును తలచుకొని అక్కడ దర్శనము చేసికొందురు. దర్శనమై వెలుపలికి వచ్చిన తరువాత పిల్లలు అడుగునది ఒక్కటే: రాణీబాగ్. జంతుశాల అంత దగ్గర. తండ్రి కాదనడు, టిక్కెట్లు కొనును. జీవదయ ఖాతాలో అప్పుడే చందా వ్రాయించి వచ్చిన చేతితోనే కొనును. ఆ టిక్కెట్టు కొనుట శ్రావకునికి తగునా, తగదా?

ప్రశ్న చిన్నదిగా కనబడును. పులిని చూచినంత మాత్రమున పులికి దెబ్బ తగులునా అని నవ్వి త్రోసివేయువారు ఉందురు. జంతుశాల గడప తొక్కిన ప్రతివాడును పాపియే అని తీర్పు చెప్పువారును కొందరు కలరు. రెండును తొందర మాటలే. సరుకును తూచకుండ ధర చెప్పు వర్తకుడు లేడు. దీనిని కూడ తూచవలసియున్నది.

జనులు రాణీబాగ్ అని పిలుచు ఈ తోట 1862లో విక్టోరియా గార్డెన్స్ అను పేరుతో తెరవబడినది. నేడు దాని పేరు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానము. మ్యూజియము ప్రక్కన ఒక పెద్ద రాతి యేనుగు నిలిచియుండును. అది ఘారాపురి ద్వీపమునందలిది. ఆ ద్వీపమునకు ఎలిఫెంటా అను పేరు దానివలననే వచ్చినది. 1864లో దానిని ఇంగ్లండునకు తరలింపబోగా క్రేను విరిగి ఏనుగు ముక్కలైనది. ఆ ముక్కలను 1914లో ఈ తోటలో అతికించి నిలిపిరి. వింత చూపవలెనను ఆశ గలవారు రాతి జంతువును సైతము దాని చోట ఉండనీయలేదు.

ప్రాణమున్న జంతువుల కథ ఇంతకంటె మెరుగు కాదు. 2016 జూలైలో దక్షిణ కొరియాలోని సియోల్ నుండి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్ పక్షులను ఇక్కడికి తెచ్చిరి. పెరూ, చిలీ తీరములలో చల్లని సముద్రపు నీటిలో ఈదులాడు పక్షులవి. ఆ అక్టోబరులోనే ఒకటి చనిపోయినది. మిగిలినవానిని 2017 మార్చిలో ప్రజలకు చూపనారంభించిరి. అద్దము వెనుక, రాత్రింబగళ్లు చల్లదనము నిచ్చు యంత్రముల మధ్య వాని నివాసము. ఆ సంవత్సరము ఆగస్టులోనే పెద్దలకు ప్రవేశ రుసుము 5 రూపాయల నుండి 50 రూపాయలైనది. తరువాత పెంగ్విన్లకు పిల్లలు పుట్టినవి, సంఖ్య పెరిగినది. యాజమాన్యము దీనిని తన విజయముగా చెప్పుకొనును. అందులో కొంత నిజము లేకపోలేదు.

ఈ తోటకు అరగంట నడకలో కామాఠీపురమున్నది. 18వ శతాబ్దము చివర నైజాము సీమనుండి వచ్చిన తెలుగు కూలీలు, రాతిపనివారు, మేస్త్రీలు స్థిరపడిన పేట అది. వారిని కామాఠీలనిరి, ఆ పేరే పేటకు నిలిచినది. బొంబాయి కట్టడములలో ఎన్నింటికో రాళ్లు మోసినవారు వీరే. ఆ తరువాత పద్మశాలి కుటుంబములు మిల్లులలో పనికి వచ్చి చాలులలో చేరినవి. మూల్జీ జేఠా మార్కెట్టుకు బట్టల బేరమునకు వచ్చు తెలుగు సీమ వర్తకులకు ఈ గల్లీలు తెలియనివి కావు. పది అడుగుల ఖోలీలో ఆరేడుగురు, అంతస్తు కొక వరండా, వరండాలో ఆరవేసిన బట్టలు, వానివెనుక ఎక్కడనో తునుకంత ఆకాశము. అట్టి ఇంటి పిల్లవానికి ఆదివారమునాడు చెట్టు నీడ, గడ్డి, లేడిపిల్ల, ఇవన్నియు ఒకచోట దొరకు స్థలము రాణీబాగ్ ఒక్కటే. గిర్ అడవికో తాడోబాకో పోయి జీపులో తిరుగుటకు వేల రూపాయలు కావలెను. జంతుశాలకు పోవుట పాపమని కారులో కూర్చుండి చెప్పుట సులభము. ఈ మాటను ముందుగా ఒప్పుకొననిదే పై ప్రశ్నను విచారించుటకు అర్హత కలుగదు.

ఇక శాస్త్రము. గృహస్థుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు వేయుట, తిండినీళ్లు ఆపుట. వీనిలో మొదటిది బంధము. కొట్టుటకంటె ముందు కట్టుటను చెప్పిరి. కాని ఎద్దును కట్టకుండ, ఆవును కట్టకుండ గృహస్థు సంసారము సాగునా? పూర్వ వ్యాఖ్యాతలు దీనికి ఒక మంచి సమాధానము చెప్పియున్నారు. కట్టక తప్పనిచో వదులుగా కట్టవలెను. నిప్పంటుకొన్న వేళ ఆ పశువు తప్పించుకొని పోగలిగినట్లుగా ముడి ఉండవలెను. పశువుల పాకలను ఎరిగినవారు చెప్పిన మాట ఇది. త్రాడు ఉన్నదా లేదా అని వారు అడుగలేదు. ఆపద వచ్చినప్పుడు ప్రాణికి పోవుటకు దారి యున్నదా అని అడిగిరి.

ఈ కొలబద్దను పెంగ్విన్ గది ముందు పెట్టి చూడవచ్చును. తలుపు బార్లా తెరచినను ఆ పక్షి ఎక్కడికి పోవును? వెలుపల ఉన్నది బైకలా మే నెల ఎండ. కరెంటు ఆగి, యంత్రములన్నియు నిలిచిపోయిన దినమున దానికి దిక్కులేదు. సంకెల కనబడకపోవచ్చును గాని అంత బిగువైన ముడి మరియొకటి లేదు. అదే తోటలో చెట్లమీద కాకులు, గబ్బిలములు ఉన్నవి. వానిని చూచుటకు ఎవరును టిక్కెట్టు కొనరు. అవి ఎవరికిని బందీలు కావు.

"పట్టినవాడు వేరు, కట్టినవాడు వేరు, చూచినవానికేమి?" అని వాదము వచ్చును. చేయుట, చేయించుట, అనుమోదించుట అని కర్మమునకు మూడు ద్వారములున్నవని జైన కుటుంబములలో పసిపిల్లలకును తెలియును. చూచువాడు ఏ ద్వారమున ఉన్నాడో తెలిసికొనుటకు గురువును అడుగనక్కర లేదు, అంగడిలో గుమాస్తాను అడిగిన చాలును. గిరాకీ లేని సరుకును ఎవడును తెప్పించడు. కొందరు పర్వదినములలో పంజరపు పక్షులను కొని ఎగురవేయుచు వచ్చిరి. మనసు మంచిదే. కాని పది పక్షులు అమ్ముడుపోవునని తెలిసిన బోయవాడు మరునాడు వల ఇంకను పెద్దదిగా పరచును. ఎగిరిపోయిన పక్షులలో కొన్ని తిరిగి ఆ వలలోనే పడును. దేశవాళీ అడవిపక్షుల క్రయవిక్రయములను చట్టము నిషేధించినది గాని, కొనువాడున్నంత కాలము అమ్మువాడు ఏదో ఒక సందులో ఉండనే ఉండును. గిరాకీ, చట్టము రెండును కలిసినప్పుడు ఫలితము కనబడును: ఎలుగుబంట్లను, కోతులను, పులులను, చిరుతలను, సింహములను సర్కసులో ఆడించుటను నిషేధించిన 1998 నాటి ప్రకటనను 2001లో సుప్రీంకోర్టు నిలబెట్టినది. అప్పటికే జనులలో కొంత రోత పుట్టియుండుటచేత సర్కసు సింహములకై వీధులలో ఏడ్చినవారు లేరు.

హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దములో తమ యోగశాస్త్రమునందు శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులను వివరించిరి. వానిలో అసతీపోషణమనునది ఒకటి. ధనము కొరకు గోరువంకలను, చిలుకలను, పిల్లులను, కుక్కలను, కోళ్లను, నెమళ్లను పెంచుటయు, ధనము కొరకు దాసీజనమును పోషించుటయు దాని క్రిందికే వచ్చునని వారు చెప్పిరి. స్త్రీలను చిలుకలతో జతచేయుట నేటివారికి కటువుగా తోచును. అసతి అను మాటయు కటువైనదే. కాని నిషేధము పడినది చిలుకమీద కాదు, దాసిమీద కాదు. వారిని ఉంచి డబ్బు చేసికొనువానిమీద. రెండు పంజరములలోను యజమాని చేయు వ్యాపారము ఒక్కటే అని ఆ ఆచార్యుడు ఎనిమిది శతాబ్దముల క్రిందటనే పట్టుకొనెను.

కామాఠీపురమువారికి ఈ మాట వివరించి చెప్పనక్కర లేదు. బ్రిటిషువారి కాలమున ఆ పేటలోను, ఆ ప్రక్క వీధిలోను వేశ్యాగృహములు వెలసినవి. ఇనుప కమ్ముల వెనుక స్త్రీలను నిలిపిన గదులను జనులు 'పింజ్రా' అనిరి. తెలుగు పంజరము, హిందీ పింజ్రా, గుజరాతీ పాంజరాపోళ్, మూడింటిలోను వినబడునది ఒకే మాట. ఆ కమ్ములను చూచుటకు దూరదేశములనుండి మనుష్యులు వచ్చిరి, కెమెరాలతోను వచ్చిరి. వారి చూపు కమ్ముల దగ్గర ఆగలేదు. నీళ్ల బిందె పట్టుకొని గల్లీ దాటు గృహిణిమీదను, బడికి పోవు ఆడపిల్లమీదను ఆ చూపే పడినది. ఫలానా పేటలో ఇల్లు అని చెప్పుటకు తెలుగు కుటుంబములు నోరు వెనుకాడినవన్నచో, అది వారు చేసిన తప్పువలన కాదు, పైవారు చూచిన తీరువలన. చూచుటకు రుసుము చెల్లించితిమి గనుక చూచుటకు హక్కు వచ్చినదని ఆ వచ్చినవారును అనుకొనియుందురు.

అట్లని చూపంతయు దోషమని చెప్పరాదు. జైన పురాణములలో ప్రసిద్ధమైన ఒక చూపు కలదు. నేమినాథుడు రాజీమతిని పెండ్లాడుటకు రథమెక్కి పోవుచు, దారిలో దొడ్లలోను పంజరములలోను క్రిక్కిరిసి భయపడుచున్న జంతువులను చూచెను. ఇవి ఎందుకున్నవని సారథిని అడిగెను. మీ పెండ్లి విందుకే అని సారథి చెప్పెను. ఆయన పెండ్లి మాని, గిరినార్ కొండకు పోయి దీక్ష తీసికొనెను. ఆనాడు ఆ దారిని పోయినవారందరును ఆ దొడ్లను చూచియే యుందురు. వారందరికిని కనబడినవి మేకలు, లేళ్లు. నేమినాథునికి ఒక్కనికే వానితో తనకున్న లెక్క కనబడినది. 'ఇవి ఎందుకున్నవి?' అని అడుగుటలోనే భేదమంతయు ఉన్నది. జంతుశాలలో ఆ ప్రశ్న అడిగినచో వచ్చు జవాబు 'మీ కొరకే' అని.

ముంబయికి ఉత్తరమున బోరీవలీలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానమున్నది, సుమారు 100 చదరపు కిలోమీటర్ల అడవి. అక్కడ చిరుతలు స్వేచ్ఛగా తిరుగును. 2018 నాటి లెక్కలో 47 ఉన్నట్లు తేలినది. దానిని ఆనుకొని ఇన్ని లక్షల జనాభా! అక్కడి వార్లీలు వాఘోబాను దేవతగా కొలుతురు, చిరుతను చూడవలెనని వెదకుచు పోరు, ఎదురుపడినచో దారి ఇత్తురు. పట్టణము నుండి వచ్చువారికి మాత్రము చూపించియే తీరవలెను. అందుకై వేరుగా కంచె వేసి సింహములను, పులులను ఉంచి జాలి కట్టిన బస్సులో త్రిప్పుదురు. ఆ కాసేపు జాలి వెనుక నుండునది మనుష్యుడే గాని, బస్సు దిగి ఇంటికి పోవువాడును అతడే. 2004లో ఈ అడవి చుట్టుపట్ల చిరుతల వాతపడి పలువురు మరణించిరి. పరిశోధకులు విచారింపగా తేలిన కారణములలో ఒకటి, వేరుచోట్ల బోనులలో పట్టిన చిరుతలను తెచ్చి ఇక్కడ విడుచుట. దయతోనే విడిచిరి. కాని జంతువును దాని చోటునుండి ఊడబెరికిన తరువాత దయకు కూడ సరియైన దారి దొరకదు.

హిమాలయములలోని చిన్న కొండల దేశము భూటాన్‌లోను ఇట్టిదే జరిగినది. ఆ దేశపు జాతీయ జంతువు టాకిన్, మేక ముఖమును ఎద్దు దేహమును గలది. రాజధాని థింపూలో ఒక చిన్న జంతుశాలలో వానిని ఉంచిరి. బౌద్ధ దేశములో ప్రాణులను బంధించి చూపుట తగదని నాల్గవ రాజు వానిని విడిపించెను. అవి అడవికి పోలేదు! తిండి కొరకు పట్టణపు వీధులలోనే తిరుగుచుండెను. ఇక చేయునది లేక, ఊరి పైభాగమున చెట్లున్న విశాలమైన స్థలమునకు కంచె వేసి వానిని అందులో ఉంచిరి. మచ్చిక చేసి తిండి పెట్టినవాడు గేటు తీసినంత మాత్రమున ఋణవిముక్తుడు కాడు. ఆ దేశమే మరియొక పని చేసినది. ఫోబ్జిఖా లోయకు ప్రతి శీతకాలము టిబెట్టునుండి నల్లమెడ కొంగలు వచ్చును. పక్షులు తగులుకొని చచ్చునని కరెంటు తీగెలను భూమిలో పాతిరి. చూడవచ్చు విదేశీయులకు రాత్రికి 200 డాలర్ల రుసుమును 2022లో విధించి, 2023లో 100కు తగ్గించిరి. భారతీయులకు 1200 రూపాయలుగా ఉంచిరి. వేసవి సెలవులకు అక్కడికి పోవు ముంబయి జైన కుటుంబములు ఈ డబ్బును గొణగకుండ కట్టవచ్చును. కొంగను కట్టివేయుటకు పోవు డబ్బు కాదది.

ముంబయిలోనే వేరొక పంజరము కూడ ఉన్నది. 1832లో వీధికుక్కలను చంపించుటపై నగరములో అల్లరి రేగిన పిమ్మట, 1834లో జంషెట్జీ జీజీభాయ్, జైన శేఠులు కలిసి భులేశ్వర్ వద్ద పాంజరాపోళ్ నెలకొల్పిరి. అచ్చటను గోడలున్నవి, కట్టుకొయ్యలున్నవి. కాని అక్కడి గోడ ముసలి ఎద్దు కొరకు కట్టినది, ఎద్దును చూడవచ్చువారి కొరకు కాదు. చూచువారు ఒక్కరును రాకపోయినను దానిని నడుపవలసినదే. జంతుశాలకు దీనికి గల భేదము ఇంతయే, ఇది చాలును కూడ. అయితే జైన సమాజము ఇక్కడ గర్వపడి ఊరకుండరాదు. శక్తికి మించి పశువులను చేర్చుకొని, ఇరుకులో నిలిపి, రోగికి వైద్యుని పిలువని ఆశ్రయము ఎక్కడనున్నను, అక్కడ బంధమునకు తోడు అన్నపాననిరోధము కూడ చేరును. దాత పేరు చెక్కిన చలువరాయి పశువునకు మేత కాదు. పావురముల సంగతియు ఆలోచింపదగినదే. కబూతర్‌ఖానాల గురించి 2025లో రేగిన కలహములో కొందరు జైనులు వీధికెక్కిరి. పావురము బందీ కాదు, నిజమే. కాని గుంపులు గుంపులుగా చేరిన పక్షుల రెట్టల ధూళి ఊపిరితిత్తులకు చేటని వైద్యులు చెప్పుచున్నప్పుడు, ప్రక్క ఖోలీలో దగ్గుచున్న ముసలివాడును పంచేంద్రియ జీవియే. గింజలు చల్లువానికి కలుగు సంతోషములో రెక్కల చప్పుడు వినుట ఎంత, పక్షి ఆకలి ఎంత అని వాడే తేల్చుకొనవలెను.

ఈ తూకములో చాలు పిల్లవాని టిక్కెట్టును వర్తకుని టిక్కెట్టును ఒక్కటిగా లెక్కింపరాదు. హింసకు మూలము ప్రమాదమని, అనగా తెలిసియు ఏమరుపాటున నుండుట అని, జైన శాస్త్రము చెప్పును. తెలియనివాని కంటె తెలిసినవానికిని, వేరు దారి లేనివాని కంటె ఉన్నవానికిని బరువు ఎక్కువ. రాణీబాగ్‌లో ఇప్పుడున్న జంతువులు టాకిన్ల వంటివి. వానిని వీధిలో విడుచుట దయ కాదు. వానికి చోటు పెంచుమని, ముసలితనములో వైద్యము చేయుమని కార్పొరేషనును అడుగుటకు, అవసరమైనచో జీవదయ నిధినుండి సహాయము చేయుటకు శ్రావకునికి అభ్యంతరము ఉండనక్కర లేదు. క్రొత్తగా మరియొక దేశపు ప్రాణిని వింత కొరకు తెచ్చునప్పుడు మాత్రము ఆ వరుసలో నిలిచి టిక్కెట్టు కొనుట అనుమోదనమే. దానికి వేరు పేరు పెట్టుట కష్టము. పిల్లవాడు అడిగినప్పుడు తాబేలు మునిసువ్రతుని లాంఛనమని, లేడి శాంతినాథునిదని, మొసలి సువిధినాథునిదని చూపి మురియు తండ్రులున్నారు. సమవసరణమునకు ఆ జంతువులు తమంతట తాము వచ్చినవని, అక్కడ కమ్ములు లేవని కూడ ఆ తండ్రి చెప్పవచ్చును. పిల్లవాడు తరువాత అడుగబోవు ప్రశ్నకు జవాబు సిద్ధము చేసికొని చెప్పుట మంచిది.

రాణీబాగ్‌కు తూర్పున, కొద్ది దూరములోనే, శివడీ రేవు ఉన్నది. చలికాలము మొదలుకొని వేసవి వరకు అక్కడి బురద నేలలకు, ఠాణే ఖాడీకి వేలకొలది రాజహంసలు వచ్చును. గులాబి రంగు రెక్కల ఫ్లెమింగోలు అవి. కచ్ఛ్ మొదలైన చోట్లనుండి వచ్చును. 2024లో తెరచిన అటల్ సేతు ఆ శివడీనుండియే బయలుదేరును. అదే సంవత్సరము మే నెలలో ఘాట్‌కోపర్ మీదుగా దిగుచున్న విమానము తగిలి ముప్పదికి పైగా పక్షులు చనిపోయినవి. ఐనను మిగిలినవి వచ్చుచునేయున్నవి. కామాఠీపురమునుండి బస్సులో పోవచ్చును. ఆటుపోట్ల వేళ ముందుగా తెలిసికొని పోవలెను. నీరు మరీ ఎక్కువైనను మరీ తక్కువైనను పక్షులు దూరముగా పోవును. గట్టుమీద నిలబడి వేచియుండవలెను. అవి ఒక్కొక్కనాడు అసలే దగ్గరకు రావు. ఆనాడు టిక్కెట్టు డబ్బు వాపసు అడుగుటకు అక్కడ గుమాస్తా ఎవడును ఉండడు.